నడినెత్తిన వరద

ఏమర్రా పిల్లలూ, అంతా వచ్చేశారా? చిన్నదాన్ని ముందుకి రానివ్వండి, వెనకాల కూర్చుంటే దానికి వినపడదు. ఇవాళ మన కోనసీమ నెత్తి మీదుగా రోజూ వెళ్ళే ఒక వింత సంగతి చెబుతాను. నెత్తి అని మాటవరసకి అనడం లేదు, నిజంగా నడినెత్తే. కార్తికమాసంలో చంద్రుడు లేని రాత్రి చూసుకుని, ఏడు గంటలకీ తొమ్మిదింటికీ మధ్య, కొబ్బరిచెట్లు అడ్డురాని చోట ఏటిగట్టెక్కి వెల్లకిలా పడుకోండి. నాలుగు చుక్కలు పెద్ద చతురస్రంగా కనపడతాయి. మన పెద్దలు వాటిని మంచం కోళ్ళుగా చెప్పుకున్నారు. పడమటి రెండు కోళ్ళూ పూర్వాభాద్ర, తూర్పు రెండూ ఉత్తరాభాద్ర. మీలో ఒకరిది పూర్వాభాద్ర నక్షత్రమే కదూ? పంచాంగంలో పేరు వినడమే కానీ ఆ చుక్కల్ని ఎప్పుడూ చూసి ఉండరు. ఈసారి చూడండి.

ఆ నాలుగింటిలో నైరుతి మూల చుక్కని పట్టుకోండి. అక్కణ్ణించి పడమరగా, రవ్వంత ఉత్తరానికి ఒరిగి, చాచిన చేతి రెండు వేళ్ళ వెడల్పు జరగండి. అక్కడ మీ కంటికి ఏమీ కనపడదు. వట్టి చీకటి. కానీ ఆ చీకట్లోనే ఒక వస్తువు ఉంది. దాన్నించి ఇవాళ మన దగ్గరికి వచ్చిన వెలుగు బయల్దేరి 700 కోట్ల సంవత్సరాలు దాటింది. మన సూర్యుడి వయసు 460 కోట్లు. అంటే ఆ వెలుగు బయల్దేరేనాటికి సూర్యుడూ లేడు, భూమీ లేదు, గోదావరీ లేదు. అది దారిలో ఉండగానే సూర్యుడు పుట్టాడు, భూమి చల్లారింది, సముద్రాలు నిండాయి, గోదావరి మట్టి తెచ్చి పోస్తే మన లంకలు లేచాయి. అప్పుడొచ్చింది ఆ వెలుగు మన నెత్తి మీదకి.

నడినెత్తి అని అంత గట్టిగా ఎలా చెబుతున్నానంటారా? భూమికి అక్షాంశాలు ఉన్నట్టే ఆకాశానికీ ఒక లెక్క ఉంది. మన ఊరి అక్షాంశం ఎంతో, ఆకాశంలో అంతే లెక్క ఉన్న చుక్క రోజుకోసారి సరిగ్గా మన నడినెత్తికి వస్తుంది. ఈ వస్తువు లెక్క ఇప్పుడు 16 డిగ్రీల 17 నిమిషాలు. అంతర్వేది 16 డిగ్రీల 20 నిమిషాల దగ్గరుంది. అంటే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, నరసింహస్వామి గుడికి ఇంచుమించు నిలువునా పైనించి పోతుందన్నమాట. రాజోలులో నిలబడితే నడినెత్తికి చందమామ వెడల్పులో మూడోవంతు దక్షిణంగా, అమలాపురంలో అయితే సగం చందమామకి కాస్త ఎక్కువ, కొత్తపేటలో అయితే దాదాపు ఒక నిండు చందమామంత దక్షిణంగా పోతుంది. ఇలాంటి వస్తువుకి సరిగ్గా కిందన ఊళ్ళు కట్టుకుని కాపురం ఉంటున్నాం. ఇది తెలిసిన రోజున నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అంత సంతోషమేసింది.

దాని పేరు 3సీ 454.3. ఇదేం పేరని మొహం చిట్లించకండి. కేంబ్రిడ్జిలో రేడియో తరంగాలతో ఆకాశాన్ని గాలించిన వాళ్ళు 1959లో ఒక జాబితా వేశారు. అది వాళ్ళ మూడో జాబితా. దాన్ని తర్వాత సరిదిద్దినప్పుడు ఇది అందులో చేరింది, దీని వరస అది. అప్పటికి ఇవేమిటో ఎవరికీ తెలియదు. దుర్భిణిలో చూస్తే వాటిలో కొన్ని మామూలు చుక్కల్లాగే ఉండేవి. 1963లో మార్టెన్ ష్మిట్ అనే ఆయన ఇలాంటిదే 3సీ 273 అనే ఇంకోదాని వెలుగుని రంగులుగా విడదీసిన వర్ణపటం ముందేసుకుని, అందులో గీతలు తికమకగా ఉన్నాయేమిటా అని తల బద్దలుకొట్టుకుని, చివరికి ముడి విప్పాడు. అవి మనకి తెలిసిన హైడ్రోజన్ గీతలే. కాకపోతే ఎరుపు వైపుకి బాగా జరిగిపోయాయి. అంత జరిగాయంటే ఆ వస్తువు మన పాలపుంతలోది కాదు, ఊహకందనంత దూరానిది. అంత దూరాన ఉండి కూడా చుక్కలా కనపడుతోందంటే దాని వెలుగు ఎంతై ఉండాలి! వీటికే క్వాసార్లు అని పేరొచ్చింది.

ఒక్కో క్వాసార్ నడుమ ఒక కృష్ణబిలం ఉంటుంది. మన నడినెత్తి దానిలో ఉన్నది సుమారు వంద కోట్ల సూర్యుళ్ళ బరువున్నదని అంచనా. దాని చుట్టూ వాయువు సుడి తిరుగుతూ, రాసుకుని రాసుకుని కాగి, తెల్లగా నీలంగా మండుతూ లోపలికి జారుతుంది. ఆ గుండ్రటి పళ్ళెం ఒక వెలుగు. ఇది కాక, లోపలికి పోవలసిన దాంట్లో కొంత రెండు పక్కలా ధారగా బయటికి చిమ్ముతుంది. ఆ ధారనే జెట్ అంటారు. దాని వేగం వెలుగు వేగంలో నూటికి 99 వంతుల పైన. ఈ వస్తువు ధారల్లో ఒకటి, ఒకటి రెండు డిగ్రీల తేడాతో, సూటిగా మనవైపుకే గురిపెట్టి ఉంది. మనవైపుకి ధార తిరిగిన క్వాసార్లు మిగతా వాటికన్నా ఎన్నో రెట్లు వెలుగుతాయి, ఉన్నట్టుండి పొంగుతాయి, ఉన్నట్టుండి తగ్గుతాయి.

పొంగడం, తగ్గడం అంటే మనకి చెప్పాలా? మన బతుకంతా దాంతోనే కదా. గోదావరి గట్టున పుట్టినవాడికి ఈ క్వాసార్ సంగతి ఎవరికన్నా తేలిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం. ఎలాగో చెబుతాను. భద్రాచలం దగ్గర ఏరు ఎంత పెరిగిందో మీలో ఎవరూ వెళ్ళి చూసి రారు. అక్కడ ఒక గేజి ఉంది. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర ఇంకో గేజి. అక్కడ 11.75 అడుగులు మొదటిది, 13.75 రెండోది, 17.75 మూడోది. భద్రాచలంలో పెరిగిన నీరు ఇంచుమించు ఒక రోజుకి ధవళేశ్వరం దిగుతుంది, అక్కణ్ణించి మన లంకల్లోకి వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం గేజి 75.6 అడుగులు చూపించింది. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఊరంతా రేడియో చుట్టూ చేరి భద్రాచలం అంకె విని, గట్టు మీద గడ్డివామి ఎక్కడ వేయాలో, పశువుల్ని ఎప్పుడు తోలాలో లెక్క కట్టుకునేవాళ్ళం. అడవులూ కొండలూ దాటి ఎక్కడో ఏం జరిగిందో రెండు అంకెలతో తెలిసిపోయేది. ఒక్క అంకెతో తెలియదు సుమండీ. రెండు చోట్ల అంకెలు, వాటి మధ్య గడిచిన గంటలు, ఇవి చేతిలో ఉంటే ఏరు మొత్తం కళ్ళముందు ఉన్నట్టే.

క్వాసార్‌ని చదివేదీ ఇలాగే. 700 కోట్ల ఏళ్ళ దూరాన ఉన్న చుక్క దగ్గరికి ఎవరూ వెళ్ళలేరు. ఎంత పెద్ద దుర్భిణి పెట్టి చూసినా మామూలు వెలుగులో అది చుక్కగానే కనపడుతుంది. పళ్ళెం వేరుగా, ధార వేరుగా కనపడవు. మరి చేతిలో ఉన్నదేమిటంటే, ఈ రాత్రి దాని మట్టం ఎంత అన్న అంకె ఒక్కటే. ఆ అంకెనే రాత్రి వెంట రాత్రి రాసుకుంటూ పోతారు.

ఆ అంకె ఎలా తీస్తారో కాస్త దగ్గరగా చూద్దాం. దుర్భిణిని అటు తిప్పి, కెమెరాలో కొన్ని నిమిషాలసేపు వెలుగు పోగుచేస్తారు. వచ్చిన బొమ్మలో నల్లటి నేల మీద తెల్లటి చుక్కలు చెదురుగా ఉంటాయి. క్వాసార్ కూడా వాటిలో ఒకటి. ఏది ఏదో తెలియనివాడికి తేడా తెలియదు. ఆ పక్కనే మారకుండా నిలకడగా వెలిగే మామూలు నక్షత్రాలు కొన్ని ఉంటాయి. వాటి వెలుగు ఎంతో ముందే జాగ్రత్తగా కొలిచి పెట్టుకున్నారు. గేజి రాయి మీద అడుగులూ అంగుళాలూ పెయింటు వేసి ఉంటాయి చూడండి, ఈ పక్క నక్షత్రాలు ఆ గీతలన్నమాట. చుక్క చుట్టూ చిన్న వలయం గీసి లోపలి వెలుగంతా కూడతారు. దాని పక్కనే ఖాళీ ఆకాశంలో అంతే మేర కొలిచి, ఆకాశానికే ఉండే సన్నటి మెరుపుని తీసేస్తారు. మిగిలినదాన్ని పక్క నక్షత్రాలతో పోల్చి చూస్తారు. మబ్బు పలచగా అడ్డం వచ్చినా, గాలిలో దుమ్ము ఉన్నా, క్వాసార్‌తో పాటు పక్క నక్షత్రాలూ మసకబారతాయి కాబట్టి లెక్క చెడదు. ఎంత తేలిక ఉపాయం, ఎంత గట్టి ఉపాయం! ఇదంతా చేసి చివరికి పుస్తకంలో రాసుకునేది ఒక్క అంకె.

ఆ అంకెకి ఒక కొలమానం ఉంది. కంటికి కనపడే అతి మసక చుక్కలు ఆరో తరగతి. మొదటి తరగతి చుక్క ఆరో తరగతి చుక్కకన్నా నూరు రెట్లు వెలుగు. అంకె పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. అయిదు తరగతులకి నూరు రెట్లు అని 1856లో కచ్చితంగా లెక్క కట్టినాయన నార్మన్ పొగ్సన్. ఈయన తర్వాత మద్రాసు నక్షత్రశాలకి అధికారిగా వచ్చాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఆయన ఎక్కడున్నాడో తెలుసా? మన బందరులో! అదే రోజు జాన్‌సెన్ అనే ఫ్రెంచి ఆయన గుంటూరులో దుర్భిణి పెట్టుకు కూర్చున్నాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం చూశారు ఆ రోజున. వెలుగుని విడదీసి చదివే విద్య లోకంలో అప్పుడప్పుడే మొదలవుతోంది, ఆ మొదటి పాఠాల్లో ఒకటి మన కృష్ణా తీరాన జరిగింది. కృష్ణ అవతలి గట్టయినా మన తెలుగునేలే కదా. పొగ్సన్ లెక్కతోనే ఇవాళ్టికీ క్వాసార్ల మట్టం రాస్తున్నారు.

ఆ లెక్కన మన నడినెత్తి క్వాసార్ మామూలు రోజుల్లో పదహారో తరగతికి అటూఇటూగా ఉంటుంది. కంటికి కనపడే ఆఖరి చుక్కకన్నా పదివేల రెట్లు మసక. అలాంటిది 2005 మే నెలలో ఏకంగా పన్నెండో తరగతికి వచ్చేసింది! అంటే నలభై రెట్ల పొంగు. అంతకుముందు ఏ క్వాసార్ కూడా, దూరం లెక్క కట్టి చూస్తే, అంత నిజమైన వెలుగుతో నమోదు కాలేదు. చిన్న దుర్భిణిలో కూడా కనపడే స్థితికి వచ్చింది. లోకంలో ఉన్న దుర్భిణులన్నీ అటు తిరిగాయి.

ఇది ఒక గేజి. రెండో గేజి కథ మన శ్రీహరికోటలో ఉంది. మామూలు వెలుగు కాకుండా ఈ క్వాసార్ గామా కిరణాలు కూడా కురిపిస్తుంది. గామా కిరణం కూడా వెలుగే. కాకపోతే కంటికి కనపడే వెలుగు కణంకన్నా దానికి శక్తి ఎక్కువ. నేను చెబుతున్న గామా కిరణాల్లో ఒక్కో కణానికి అయిదు కోట్ల రెట్లు, ఆ పైన. అవి నేలదాకా రావు, పైన గాలిలోనే తగిలి ముక్కలైపోతాయి. అది మన అదృష్టం, లేకపోతే బతికేవాళ్ళం కాదు. అంచేత వాటిని కొలవాలంటే గాలి దాటి పైకి వెళ్ళాలి. 2007 ఏప్రిల్ 23న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ8 లేచింది. పక్కన కట్టే బూస్టర్లు ఏమీ లేకుండా ఒంటి రాకెట్టుగా పీఎస్‌ఎల్‌వీ వెళ్ళడం అదే మొదలు. అది మోసుకెళ్ళింది 352 కిలోల ఇటలీ ఉపగ్రహాన్ని. దాని పేరు ఎజైల్. గామా కిరణాలు చూడడం దాని పని.

అదే సంవత్సరం జులైలో నేల మీద దుర్భిణుల వాళ్ళు కేక పెట్టారు, 3సీ 454.3 మళ్ళీ పొంగుతోందని. ఎజైల్ వాళ్ళు వెంటనే ఉపగ్రహాన్ని అటు తిప్పారు. చూస్తే గామా కిరణాలు కూడా పోటెత్తుతున్నాయి! ఇది ఎప్పుడు చూసినా ఇలా భగ్గుమంటూనే ఉండడంతో వాళ్ళు దీనికి 'క్రేజీ డైమండ్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. మన నేల మీంచి ఎగిరిన కన్ను, మన నడినెత్తి మీది వరదని చూసిందన్నమాట. 2024 ఫిబ్రవరిలో ఎజైల్ తన పని ముగించి గాలిలోకి దిగి కాలిపోయింది. పదహారేళ్ళకి పైగా సేవ చేసింది. నమస్కారం పెట్టుకోవాలి.

2008 జూన్ 11న అమెరికా వాళ్ళు ఫెర్మీ అనే ఇంకో ఉపగ్రహాన్ని పంపారు. అది మూడు గంటలకోసారి ఆకాశమంతా చుట్టి చూస్తుంది. 2010 నవంబరు 20న ఇదే క్వాసార్ గామాలో ఎంత పొంగిందంటే, గామా ఆకాశంలో ఎప్పుడూ నిలకడగా అందరికన్నా మెరిసే వేలా పల్సార్‌ని అయిదు రెట్లకి పైగా మించిపోయింది. వేలా మన పాలపుంతలోనే, వెయ్యి కాంతి సంవత్సరాల దగ్గర్లో ఉంది. ఇదేమో 700 కోట్ల ఏళ్ళ అవతలది. పక్కింటి దీపాన్ని లోకం చివరి దీపం ఓడించింది చూడండి.

ఇప్పుడు రెండు గేజిల పుస్తకాలూ పక్కపక్కన పెడదాం. 2008లో ఫెర్మీ గామా అంకెలు రాస్తుంటే, చిలీ దేశంలో కొండ మీద దుర్భిణుల వాళ్ళు మామూలు వెలుగు అంకెలు రాశారు. రెండూ పోల్చి చూస్తే పొంగులూ తగ్గులూ జతగా నడిచాయి, తేడా ఒక్కరోజు కూడా లేదు. ఆలోచించండి. భద్రాచలం, ధవళేశ్వరం గేజిలు ఒకే గంటలో పెరిగాయని ఎవరైనా చెబితే మీరేమంటారు? అవి రెండూ ఒకే చోట ఉన్నాయంటారు. అంతే మరి. ధారలో మామూలు వెలుగు పుట్టేచోటా, గామా పుట్టేచోటా ఒకటే. ఒకటే చోటు కావడమే కాదు, రెండింటినీ పుట్టించేవి ఒకే ఎలక్ట్రాన్లు. ధారలో అయస్కాంత క్షేత్రం ఉంటుంది. దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పరుగెత్తే ఎలక్ట్రాన్లు మామూలు వెలుగు ఇస్తాయి. ఆ ఎలక్ట్రాన్లే దారిలో ఎదురైన వెలుగు కణాలని ఢీకొట్టి, తమ శక్తి వాటికిచ్చి గామా కిరణాలుగా మారుస్తాయి. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే రెండూ పెరుగుతాయి, తక్కువైతే రెండూ తగ్గుతాయి.

రేడియో తరంగాల గేజి మాత్రం అలా కాదు. 2005 మేలో మామూలు వెలుగు పొంగితే, రేడియోలో దాని పొంగు 2006 మొదట్లో గానీ శిఖరానికి రాలేదు. అంటే రేడియో గేజి ధారకి బాగా దిగువన ఉందన్నమాట. పై పొంగు నడిచి నడిచి అక్కడికి చేరేసరికి అన్ని నెలలు పట్టింది. కంటికి చుక్కగా తప్ప కనపడని దాంట్లో ఎగువ ఏది, దిగువ ఏది అని గంటల లెక్కతో గీసేశారు! నాకు ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకో సంగతి వినండి. లంక ఈ చివర మునిగాక ఆ చివర మునగాలంటే నీరు నడిచి వెళ్ళేంత సమయం పట్టాలి కదా. లంక ఎంత పెద్దదైతే అంత ఆలస్యం. వెలుగుకీ అంతే. ఒక చోటు మొత్తం కలిసికట్టుగా పొంగాలంటే, ఆ చివర నుంచి ఈ చివరికి వెలుగు దాటేంత సమయమన్నా పట్టాలి. 2010 పొంగులో గామా కొన్ని గంటల్లోనే రెట్టింపయింది. ధార వేగం లెక్కలో కలిపి సరిచేసినా, ఆ చోటు వెడల్పు కొన్ని రోజుల వెలుగు ప్రయాణానికి మించదు. గెలాక్సీ అంటే లక్ష సంవత్సరాల వెలుగు ప్రయాణం. అందులో కొన్ని రోజులంత చోటు మొత్తం గెలాక్సీ నక్షత్రాలన్నిటినీ కనపడకుండా చేస్తోంది.

ధార వేగం సరిచేయడం ఏమిటని మీలో తెలివైనవాడెవడో అడగబోతున్నాడు. మంచి ప్రశ్నే. ధార వెలుగు వేగానికి కాస్త తక్కువలో మనవైపుకే వస్తోంది. ఇవాళ వెలువడిన వెలుగు బయల్దేరుతుంది. దాని వెనకాలే ధార కూడా పరుగెత్తుకొస్తుంది. మర్నాడు వెలువడే వెలుగు అంత దగ్గరి నుంచి బయల్దేరుతుంది. రెండూ మనల్ని దాదాపు ఒకదాని వెంట ఒకటి చేరతాయి. అంచేత అక్కడ నెలల తరబడి జరిగింది మనకి రోజుల్లో జరిగినట్టు కనపడుతుంది. వెలుగు కూడా అలాగే కుదించుకుని, మరింత ఎక్కువగా వచ్చి తగులుతుంది. గురి మనవైపు లేకపోతే ఈ హడావిడి ఏమీ ఉండదు.

ఇహ నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం రంగు. ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చేసరికి మన ఏరు ఏ రంగులోకి మారుతుంది? ఎర్రనీరు! వేసవిలో తేటగా పారిన నీళ్ళలోకి ఎగువన కడిగిన మట్టి కలిసి ఎర్రబడుతుంది. గేజి చూడకపోయినా, రేవులో నీరు ఎర్రబడిందంటే ఏరు పెరుగుతోందని మా అమ్మమ్మ చెప్పేది. ఈ క్వాసార్ కూడా పొంగితే ఎర్రబడుతుంది. ఎందుకంటే దాంట్లో రెండు వెలుగులు ఉన్నాయని మొదట చెప్పాను. కృష్ణబిలం చుట్టూ తిరిగే పళ్ళెం వెలుగు నీలం వైపుది, అది నింపాదిగా ఉంటుంది, తొందరగా మారదు. ధార వెలుగు ఎరుపు వైపుది, పొంగేది అదే. ధార తగ్గి ఉన్నప్పుడు పళ్ళెం వెలుగు తేటగా పైకి కనపడుతుంది. ధార పొంగినప్పుడు ఎరుపు ముంచెత్తుతుంది. బాగా పొంగిపోయాక రంగు ఇంక మారదు. మొత్తం ఎర్రనీరే అయ్యాక ఇంకెంత వచ్చినా ఎర్రగానే ఉంటుంది కదా. అలాగే ఇక్కడా. ఎర్ర అద్దంలోంచి ఒక కొలత, నీలం అద్దంలోంచి ఒక కొలత తీసుకుని రెండూ పోలిస్తే, చుక్కలో ఎంత పళ్ళెం, ఎంత ధార అన్నది విడదీసి చెప్పొచ్చు.

అయితే ఒక చిక్కుంది. మన దగ్గర తెల్లారితే కొలవడం ఆగిపోతుంది. పొంగు మనకోసం ఆగదు కదా. అందుకని 1997లో లోకమంతా ఉన్న దుర్భిణుల వాళ్ళు ఒక జట్టు కట్టుకున్నారు. ఒకచోట సూర్యుడు లేస్తే ఇంకోచోట చీకటి పడుతుంది, ఒకరు ఆపిన దగ్గర ఇంకొకరు అందుకుంటారు. పెద్ద నక్షత్రశాలల వాళ్ళే కాదు, ఇంటి డాబా మీద దుర్భిణి పెట్టుకున్న ఔత్సాహికులు కూడా అందులో అంకెలు ఇచ్చారు. మన నైనితాల్ దుర్భిణులు కూడా ఆ జట్టులో ఈ క్వాసార్‌ని కొలిచాయి. లద్దాఖ్‌లో హాన్లే అనే చోట, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైన, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. ఆ చలిలో మనిషి ఉండక్కరలేకుండా, బెంగుళూరు దగ్గర హోసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా దాన్ని నడుపుతారు. అదే హాన్లేలో ఇప్పుడు మేస్ అనే 21 మీటర్ల దుర్భిణి కూడా నిలబడింది. ఇది నేల మీద ఉండే గామా దుర్భిణి. బాగా శక్తి ఉన్న గామా కిరణం పైగాలిలో ముక్కలైనప్పుడు లేచే సన్నటి నీలం మెరుపుని పట్టుకుంటుంది. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు తలపెడితే, దాన్ని కట్టడంలో చెయ్యి వేసింది మన హైదరాబాదు ఈసీఐఎల్. 356 అద్దాల పలకలు, 180 టన్నుల బరువు. హైదరాబాదులోనే మొదట బిగించి చూసుకుని, విప్పి, హిమాలయాల మీదకి తోలారు. 2024 అక్టోబరు 4న ప్రారంభించారు. మామూలు వెలుగు గేజి ఒకటి, గామా గేజి ఒకటి, రెండూ ఒకే హాన్లేలో!

ఇంత చెప్పాను కదా, అంతా తేలిపోయిందనుకోకండి. ధారలో గామా ఎక్కడ పుడుతుందన్నది ఇప్పటికీ వాదనే. కృష్ణబిలానికి దగ్గర్లో, పళ్ళెం చుట్టూ తిరిగే మబ్బుల మధ్యనే పుడుతుందని కొందరు, అక్కణ్ణించి ఎన్నో కాంతి సంవత్సరాలు దిగువకి వచ్చాక పుడుతుందని కొందరు. రెండు వైపులా మంచి లెక్కలే ఉన్నాయి. ఒక పొంగు ఒకలా చెబితే, ఇంకో పొంగు ఇంకోలా చెబుతోంది. ఇది తేలాలంటే ఇంకా ఎన్నో పొంగులు కొలవాలి. పొంగు లేని రోజులు కూడా కొలవాలి. వరద వచ్చిన రోజున గేజి దగ్గరికి అందరూ పరుగెడతారు. చైత్రంలో ఏరు అడుగంటిన రోజున కూడా వెళ్ళి అంకె రాసిన మనిషి వల్లే వరద ఎంత పెద్దదో తెలుస్తుంది. మామూలు మట్టం తెలియకపోతే పొంగు ఎంతో ఎలా చెబుతాం? అందుకే ఏ వింతా జరగని రాత్రి కూడా దుర్భిణి తిప్పి పదహారో తరగతి అని రాసి పడుకున్నవాళ్ళంటే నాకు గౌరవం.

మీలో ఒకరో ఇద్దరో ఆ పుస్తకాలు చదివేవాళ్ళు అవుతారని నా ఆశ. దానికి పెద్ద సరంజామా ఏమీ అక్కరలేదు, లెక్కలంటే భయం లేకపోతే చాలు. రేపు పలకో పుస్తకమో పట్టుకురండి. తరగతికి రెండున్నర రెట్లు అన్న పొగ్సన్ లెక్కతో మొదలుపెడదాం. ఆరో తరగతికీ పదహారో తరగతికీ పదివేల రెట్లు ఎలా వచ్చిందో మీ చేతే చేయిస్తాను.